హ్యూస్టన్ పని అయిపోయిందన్న నవంబర్ మాటకు జవాబు

2024 నవంబర్ 30 రాత్రికి అమెరికాలోని హ్యూస్టన్ యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు ఏడు ఆటలు ఆడి నాలుగు గెలిచింది, మూడు ఓడింది. సీజన్ మొదలవకముందు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఓట్లతో వేసే ర్యాంకింగ్‌లో నాలుగో స్థానంలో ఉన్న జట్టు మొదటి పదిలోంచి జారిపోయింది. అప్పుడు అభిమానుల మధ్యే ఒక అంచనా పుట్టి నోటినోటా తిరిగింది. దాని సారాంశం ఇదీ: చిన్న జట్లను చితక్కొట్టడం తప్ప గట్టి జట్టు మీద ఈ టీమ్ గెలవలేదు. ఆట నడిపించే పాయింట్ గార్డు జమాల్ షెడ్ వెళ్లిపోయాక ఆ పని చేసేవాడు లేడు. దగ్గరిదాకా వచ్చిన ఆటను ముగించడం రాదు. పాయింట్లు చేయడం రాదు. కోచ్ కెల్విన్ శాంప్సన్ పద్ధతికి కాలం చెల్లింది. కాబట్టి కాలేజీ జట్లు జాతీయ టైటిల్ కోసం ఆడే మార్చి టోర్నమెంట్‌లో త్వరగానే ఇంటికొస్తారు.

ఆ జట్టు 35 గెలుపులు, 5 ఓటములతో జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. ఫలితం తెలిశాక ఒక అంచనా తప్పని చెప్పడం పెద్ద విషయమేమీ కాదు. కానీ ఇదే వాదన ప్రతి నవంబర్‌లో ఏదో ఒక జట్టు మీదికి వస్తూనే ఉంటుంది, అందుకే ఇది రాస్తున్నాను. ఆ అంచనా తప్పని నవంబర్ 30 రాత్రే తెలుసుకోవచ్చు. అందుకు కావలసిన సమాచారమంతా ఆ రోజే అందరి చేతిలో ఉంది.

గట్టి జట్ల మీద గెలవలేదన్న మాటతో మొదలుపెడదాం. మూడు ఓటములు ఇవి: హ్యూస్టన్ టొయోటా సెంటర్‌లో ఆబర్న్ మీద 74-69, లాస్ వేగస్‌లో అలబామా మీద 85-80, అక్కడే శాన్ డియేగో స్టేట్ మీద 73-70. చివరి రెండూ ఓవర్‌టైమ్‌లో పోయాయి. అంటే 40 నిమిషాల ఆట అయ్యేసరికి రెండిట్లోనూ స్కోరు సమానం. మూడు ఓటముల తేడా కలిపితే 13 పాయింట్లు. ఓడించినవాళ్లెవరు? ఆబర్న్ ఆ నవంబర్ చివరి వారంలోనే మావీ టోర్నమెంట్ గెలిచి వచ్చింది. అలబామా అంతకుముందు ఏప్రిల్‌లోనే ఫైనల్ ఫోర్ (మార్చి టోర్నమెంట్‌లో చివరి నాలుగు జట్ల దశ) ఆడిన జట్టు, సీజన్‌కు ముందు ర్యాంకింగ్‌లో రెండోది. ఇలాంటి జట్లతో ఐదేసి పాయింట్ల తేడాతో ఓడిపోవడం ఆ స్థాయిలో ఆడగలిగే జట్టుకే సాధ్యం. శాన్ డియేగో స్టేట్ ఆట సంగతి వేరు. అది హ్యూస్టన్ గెలవాల్సిన ఆట, ఆ ఓటమిని సమర్థించను. మార్చిలో శాన్ డియేగో స్టేట్ 68 జట్ల టోర్నమెంట్‌లోకి అంచు మీద వచ్చి, మొదటి ఆటలోనే నార్త్ కరొలైనా చేతిలో చిత్తయింది.

ఇక చిన్న జట్లను చితక్కొట్టడం. ఈ అంచనాలో నాకు అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరం ఇక్కడే ఉంది. జాక్సన్ స్టేట్, లూసియానా, హోఫ్‌స్ట్రా. మూడిటి మీదా 35 పాయింట్లకు పైగా తేడాతో గెలిచారు. దీన్ని లెక్కలోంచి తీసేయమంటారు. నిజానికి నవంబర్‌లో ఒక జట్టు గురించి ఎక్కువ చెప్పేది ఇదే. బలమైన జట్టు బలహీనుల మీద ఎలా గెలుస్తుందన్నది చాలామంది చూడరు, స్కోరు చూసి పక్కకు తిప్పేస్తారు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ఉంది. 2022-23లో నార్త్ కరొలైనా సీజన్‌కు ముందు మొదటి ర్యాంకు. అంతకుముందు ఏడాది ఫైనల్ ఆడిన ఐదుగురిలో నలుగురు తిరిగొచ్చారు. నవంబర్ చివర్లో పోర్ట్‌లాండ్‌లో అయోవా స్టేట్ చేతిలో ఓడి, తర్వాత అలబామా చేతిలో నాలుగు ఓవర్‌టైమ్‌లు ఆడి 103-101తో ఓడింది. ఆ సీజన్ 20-13తో ముగిసింది, మార్చి టోర్నమెంట్‌కు పిలుపు రాలేదు. టోర్నమెంట్‌ను 1985లో 64 జట్లకు పెంచాక, మొదటి ర్యాంకుతో మొదలై అసలు లోపలికే రాని మొదటి జట్టు అదే. నవంబర్ ఓటములు నిజం చెబుతాయనడానికి చాలామంది దీన్నే చూపిస్తారు. కానీ ఆ జట్టు లోపం ఓటముల కంటే ముందు గెలుపుల్లోనే బయటపడింది. గార్డ్‌నర్-వెబ్ లాంటి చిన్న జట్టును సొంత కోర్టులో 72-66తో గట్టెక్కింది. నాలుగు ఓవర్‌టైమ్‌ల ఓటమి ఎవరికైనా జరగొచ్చు. గార్డ్‌నర్-వెబ్ మీద ఆరు పాయింట్ల గెలుపు మాత్రం మొదటి ర్యాంకు జట్టుకు జరగకూడదు. హ్యూస్టన్‌ను ఆ నార్త్ కరొలైనాతో పోల్చినవాళ్లు ఓటములను పక్కపక్కన పెట్టారు, గెలుపులను పెట్టలేదు. జట్ల బలాన్ని గణాంకాలతో కొలిచే కెన్ పొమెరాయ్ లెక్కలు గెలుపోటముల కంటే బంతి చేతికొచ్చిన ఒక్కోసారికి (పొజెషన్‌కు) ఎన్ని పాయింట్లన్నదాన్ని, ప్రత్యర్థి బలాన్ని చూస్తాయి. అందుకే అసోసియేటెడ్ ప్రెస్ ఓటర్లు కిందికి దించిన ఆ రోజుల్లోనూ ఆ పట్టికలో హ్యూస్టన్ పైనే ఉంది.

పాయింట్ గార్డ్ విషయానికొస్తే, ఇందులో బలం ఉందని ముందే ఒప్పుకుంటాను. జమాల్ షెడ్ మామూలు ఆటగాడు కాదు. 2023-24లో హ్యూస్టన్ ఆడే జట్ల సమూహమైన బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో ఉత్తమ ఆటగాడూ అతనే, ఉత్తమ డిఫెండరూ అతనే. 2024 మార్చిలో డల్లాస్‌లో డ్యూక్ మీద అతని చీలమండ మడతపడి బయటికి వెళ్లాక, హ్యూస్టన్ 54-51తో ఓడింది. ఆ ఆట చూసినవాళ్లకు షెడ్ లేని హ్యూస్టన్ అంటేనే టెన్షన్ పుట్టడం సహజం.

అతని స్థానంలోకి మిలోస్ ఉజాన్ వచ్చాడు, ఓక్లహోమా నుంచి బదిలీ మీద. శాంప్సన్ డిఫెన్స్‌లో కొత్తవాడికి అసలు కష్టం ఏమిటో ఆ అంచనా వేసినవాళ్లు పట్టించుకోలేదు. ఎదుటి జట్టు స్క్రీన్ పెట్టగానే (డిఫెండర్‌కు దారి అడ్డంగా ఒకరు నిలబడగానే) బంతి ఉన్నవాడి మీదికి ఇద్దరు ఒక్కసారిగా దూకుతారు. మిగతా ముగ్గురు నలుగురిని కాపు కాయాలి. ఎవరు ఎప్పుడు కదలాలో ఆలోచించే టైమ్ ఉండదు, శరీరానికే తెలియాలి. ప్రాక్టీసులో రింగ్ మీద మూత బిగించి, ఏ షాటూ లోపల పడకుండా చేసి, గంటల తరబడి రీబౌండ్ల కోసం (తగిలి వెనక్కొచ్చే బంతుల కోసం) కొట్లాడిస్తారు. షెడ్ ఇదంతా నాలుగేళ్లు నేర్చుకున్నాడు. మొదటి ఏడాది అతనూ బెంచి మీంచి వచ్చినవాడే. ఉజాన్‌కు నవంబర్ 30 నాటికి ఏడు ఆటల అనుభవం. ఈ ఇద్దర్నీ ఒకే తూకంలో పెట్టి తీర్పు చెప్పడం అన్యాయం.

నవంబర్‌లో ఒక లోపం కనిపించగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇది ఆటలు ఆడేకొద్దీ సర్దుకునే లోపమా, ఎంత ఆడినా సర్దుకోనిదా? ఎత్తు లేకపోతే మార్చికి పెరగరు. కొత్త పాయింట్ గార్డుకూ పాత సహచరులకూ మధ్య అవగాహన మాత్రం పెరుగుతుంది. అది పెరిగింది కూడా. 2025 మార్చి 28న ఇండియానపొలిస్‌లో, మార్చి టోర్నమెంట్‌లో, పర్డ్యూ మీద స్కోరు 60-60. ఉజాన్ గీత బయటి నుంచి బంతిని జోసెఫ్ టగ్లర్‌కు వేసి లోపలికి పరుగెత్తాడు. టగ్లర్ వెంటనే తిరిగి అతనికే ఇచ్చాడు, ఉజాన్ లేఅప్ వేశాడు. అప్పటికి ఇంకా సెకను కూడా మిగల్లేదు. 62-60. ఆ రాత్రి ఉజాన్ చేసిన పాయింట్లు 22.

ముగించడం రాదన్న మాట మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వాదన మొత్తానికి ప్రాణం అదే. రెండు ఓవర్‌టైమ్ ఓటములు చూపించి, ఈ కుర్రాళ్లకు గుండె ధైర్యం లేదన్నారు. నాలుగు రోజుల తేడాలో జరిగిన రెండు ఆటల ఐదేసి నిమిషాలు చూసి మనుషుల స్వభావం తేల్చేశారు. ఆ పది నిమిషాల్లో ఒక ఫ్రీ త్రో (ఫౌల్‌కు దక్కే షాట్), ఒక రీబౌండ్ అటూ ఇటూ అయినా ఫలితం మారిపోయేది.

తర్వాత ఏం జరిగిందో పూర్తిగా చెప్పుకుందాం, నా వాదనకు నచ్చనిదీ కలిపి. జనవరి 25న కాన్సస్ కోర్టులో, అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో, మొదటి ఓవర్‌టైమ్‌లో ఇరవై సెకన్ల లోపే మిగిలి ఉండగా హ్యూస్టన్ ఆరు పాయింట్లు వెనకబడి ఉంది. ఇమాన్యుయెల్ షార్ప్ మూడు పాయింట్ల షాట్ వేశాడు. కాన్సస్ బంతి లోపలికి వేస్తుండగా లాగేసుకుని మైలిక్ విల్సన్ ఇంకో మూడు వేశాడు. రెండో ఓవర్‌టైమ్ ముగిసేసరికి 92-86, హ్యూస్టన్‌ది. వారం తిరక్కుండానే ఫిబ్రవరి 1న సొంత కోర్టులో టెక్సస్ టెక్ మీద 82-81తో ఓడిపోయారు, అదీ ఓవర్‌టైమ్‌లోనే. అంటే ఓవర్‌టైమ్ లెక్క ఏడాది చివరికి కూడా గొప్పగా ఏమీ లేదు. ఓవర్‌టైమ్ రికార్డు ఒక్కటే చూసి జట్టును కొలిస్తే, మార్చిలోనూ ఇది పనికిరాని జట్టే. కానీ బిగ్ 12లో ఆడిన 20 ఆటల్లో ఓడింది ఆ టెక్సస్ టెక్ ఆట ఒక్కటే.

ఏప్రిల్ 5న శాన్ ఆంటోనియోలో, ఫైనల్ ఫోర్‌లో, డ్యూక్ ఆట. డ్యూక్‌లో స్టార్ ఆటగాడు కూపర్ ఫ్లాగ్ ఉన్నాడు, ఆ రోజు 27 పాయింట్లు చేశాడు. రెండో సగంలో హ్యూస్టన్ 14 పాయింట్లు వెనకబడింది. చివరి నిమిషంలో కూడా ఆరు పాయింట్ల లోటు. షార్ప్ మూడు వేశాడు. మళ్లీ బంతి లాక్కున్నారు. విల్సన్ షాట్ తప్పితే టగ్లర్ గాల్లోనే అందుకుని రింగ్‌లోకి కుక్కాడు. డ్యూక్ ఫ్రీ త్రో తప్పింది, రీబౌండ్ దగ్గర ఫౌల్ చేసింది. ఆరో ఏడాది ఆడుతున్న జెవాన్ రాబర్ట్స్ రెండు ఫ్రీ త్రోలూ వేసి జట్టును ఆధిక్యంలోకి తెచ్చాడు. తర్వాత అతనే ఫ్లాగ్ ముందు చేతులు పైకెత్తి నిలబడ్డాడు, ఫ్లాగ్ షాట్ పడలేదు. 70-67. చివరి తొమ్మిది పాయింట్లూ హ్యూస్టన్‌వే. నవంబర్‌లో గుండె ధైర్యం లేదన్నది ఈ మనుషులనే, ఈ పేర్లనే. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పాయింట్లు చేయడం రాదన్నది లెక్క తెలియక అన్న మాట. హ్యూస్టన్ దేశంలో అతి నెమ్మదిగా ఆడే జట్లలో ఒకటి. బంతి చేతికొచ్చే సార్లే తక్కువైనప్పుడు మొత్తం పాయింట్లు తక్కువ కనబడతాయి. వచ్చిన ప్రతిసారీ ఎన్ని రాబట్టారన్నది చూడాలి. ఎల్.జె. క్రైయర్, షార్ప్, ఉజాన్ ముగ్గురూ దూరం నుంచి వేయగలవాళ్లు. ఆ ఏడాది జట్టు మొత్తం మీద మూడు పాయింట్ల షాట్లలో దాదాపు 40 శాతం లోపల పడ్డాయి. గొంజాగా మీద క్రైయర్ ఒక్కడే 30 చేశాడు.

శాంప్సన్ పద్ధతికి కాలం చెల్లిందన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. ఆ సీజన్‌లో దేశం మొత్తం మీద ప్రత్యర్థులకు అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు హ్యూస్టన్. ఎనిమిది జట్లు మిగిలిన దశలో టెనెసీని మొదటి సగమంతా 15 పాయింట్ల దగ్గర ఆపేసింది.

ఇక మిగిలింది ఒక్కటే. ఫైనల్‌లో ఓడారు కదా, కాబట్టి నవంబర్ మాట చివరికి నిజమేనని ఇప్పుడు అంటున్నారు. ఏప్రిల్ 7న ఫ్లోరిడా మీద 65-63. రెండో సగంలో 12 పాయింట్లు ముందుండి కూడా పోగొట్టుకున్నారు, ఆఖరిసారి బంతి చేతికొచ్చినప్పుడు షాట్ వేయనైనా లేకపోయారు. అది చేజేతులా పోయిన ఆట, హ్యూస్టన్‌లో ఎవరూ కాదనరు. 1983లో హకీమ్ ఒలాజువాన్, క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్న జట్టు ఫైనల్‌లో నార్త్ కరొలైనా స్టేట్ చేతిలో 54-52తో ఓడినప్పటి నుంచీ ఈ ఊరికి రెండు పాయింట్ల బాధ తెలుసు. కానీ నవంబర్‌లో అన్నది ఫైనల్ ఓడతారని కాదు, అక్కడిదాకా రారని. ఆ ఏడాది ఫైనల్ ఫోర్‌కు నాలుగు నంబర్ వన్ సీడ్లూ (టోర్నమెంట్ నాలుగు భాగాల్లో ఒక్కోదానికి మొదటి స్థానం ఇచ్చిన జట్లు) వచ్చాయి. 2008 తర్వాత అలా జరగడం మళ్లీ అప్పుడే. అందులో హ్యూస్టన్ ఒకటి, నవంబర్‌లో దాన్ని ఓడించిన ఆబర్న్ ఇంకొకటి. సీజన్ మొత్తం ఐదు ఓటములు, ఐదిటి తేడా కలిపితే 16 పాయింట్లు. అందులో 13 నవంబర్ 30 నాటికే మన కళ్ల ముందున్నాయి.