ఏకమేవ గ్రేవీ

మా తిరుపతిలో వేదాంతం చదువుకోవాలనుకునేవారికి సదుపాయాల కొరత లేదు. 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. రామానుజులవారే ప్రతిష్ఠించారని పెద్దలు చెప్పే గోవిందరాజస్వామి గుడి ఉంది. ఏ అరుగు మీద కూర్చున్నా ఒక ఉపన్యాసకుడు దొరుకుతాడు. అయినా నామరూపాలు మిథ్య, వస్తువొక్కటే సత్యం అన్న సంగతి నాకు బోధపడింది మాత్రం బైరాగిపట్టెడలో, మా వీధి మలుపున వెలసిన నార్త్ ఇండియన్ రెస్టారెంటులో, పోయిన ఆదివారం రాత్రి, 1,785 రూపాయల గురుదక్షిణకు.

అక్కడి మెనూ కార్డులో కూరల పేజీ తెరిస్తే ముప్పై రెండు పేర్లున్నాయి. పనీర్ బటర్ మసాలా, పనీర్ లబాబ్‌దార్, పనీర్ పసందా, షాహీ పనీర్, కడాయి పనీర్, వెజ్ కొల్హాపురి, మలాయ్ కోఫ్తా... విష్ణు సహస్రనామం చదివేటప్పటిలాగే ఎక్కడ ఉచ్చారణ దోషం దొర్లుతుందోనని భయం వేసింది. మా అబ్బాయి పదో తరగతి హిందీనంతా కూడగట్టుకుని ఆర్డరిచ్చాడు. సర్వరు అంతకన్నా కష్టపడి హిందీలోనే వినయంగా రాసుకుని, వంటింటివైపు తిరిగి, ‘‘అనా, ఇంగ రెండు నాన్లంట, బిరీన!’’ అని కేక వేశాడు. ఊరేదని అడిగితే పాకాల అన్నాడు.

ఇరవై నిమిషాలకు మూడు పేర్లు మూడు రాగి గిన్నెల్లో వచ్చాయి. మూడింటిలోనూ అదే నారింజ రంగు, అంచున అదే నూనె తెట్టు, నడుమ అదే క్రీము చుట్ట, దాని మీద నలిపి చల్లిన అదే కసూరీ మెంతి. కళ్లు మూసుకుని మూడింటిలోనూ నాను ముక్క ముంచి తిన్నాను. భేదం తోచలేదు. ‘ఏకమేవాద్వితీయమ్’ అని ఛాందోగ్యం అన్నది దేనిని గురించో ఆ క్షణాన తెలిసింది.

వంటింటి రహస్యం తెలిసినవారికి ఇందులో వింతేమీ ఉండదు. ఇటువంటి హోటళ్లలో పొద్దున్నే టమాటాలతో ఎర్ర గ్రేవీ, జీడిపప్పుతో తెల్ల గ్రేవీ, వేయించిన ఉల్లిపాయలతో గోధుమరంగు గ్రేవీ చేసి పెట్టుకుంటారు. రాత్రి ఆర్డరును బట్టి ఇదొక గరిటె, అదొక అరగరిటె కలిపి, పేరుకు తగ్గ ముక్కలు వేసి దించుతారు. సృష్టి స్థితి లయలకు ముగ్గురు మూర్తులున్నట్టే ఇక్కడా మూడు గ్రేవీలు. అయితే మా వీధివారు మిగిలిన ఇద్దరినీ ఎర్రటాయనలోనే లయం చేసినట్టున్నారు. ఆ ఎరుపు చూసి మా ఆవిడ ముందుగానే మంచినీళ్ల గ్లాసు దగ్గరికి జరుపుకుంది గానీ, అది కాశ్మీరీ మిరప ఎరుపు, రంగే తప్ప కారం అంతంతే. తాడును చూసి పామనుకోవడమని శంకరులు చెప్పిన భ్రాంతి ఇదే. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు కూడా ఆ గ్రేవీ ఒక్క ఛాయ తగ్గలేదు కాబట్టి, రూపానికి వస్తువుతో పనిలేదన్నది కూడా అనుభవంలో నిరూపితమైంది.

టమాటా అంటే గుర్తొచ్చింది. మదనపల్లె మార్కెట్టులో లారీ ఎక్కిన టమాటా ఢిల్లీ దాకా పోతుంది. అక్కడి నుంచి దాని పేరొక్కటే వెనక్కి వస్తుంది. రానుపోను ఛార్జీలు మెనూలో కలిపారు.

గ్రేవీ అంత తియ్యగా ఎందుకుంటుందని కొందరు సణుగుతుంటారు. వారికి స్థలపురాణం తెలియదు. ఉత్తరాది నుంచి వచ్చి స్వామితో పాచికలాడిన హాథీరాం బావాజీకి పెట్టిన పరీక్ష, గదినిండా ఉన్న చెరకును ఒక్క రాత్రిలో తినమనడం. ఆయన బదులు ఏనుగు వచ్చి తినిపోయిందని కథ. ఆయన పేరిట వెలసిన మఠం అధిపతులైన మహంతులే 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయాన్ని పాలించారు. ఉత్తరాది విందు ఈ ఊళ్లో చెరకుతోనే మొదలైందనడానికి ఇంతకన్నా ఆధారం ఏం కావాలి?

మా అమ్మ చంద్రగిరి పక్క పల్లెలో పాడి మీద సంసారం నడిపిన మనిషి. పనీరు ఎట్లా చేస్తారని అడిగింది. కాగే పాలలో నిమ్మరసం పిండి విరగ్గొడతారని చెప్పాను. ‘‘ఏందిరా నాయనా, పాలు ఇరిగితే మనం పిల్లికి పోస్తామే, దానికి రెండునూర్ల అరవైయ్యా?’’ అంది. నా దగ్గర సమాధానం లేకపోయింది. పక్క బల్ల దగ్గర కొత్త గుండ్లతో కూర్చున్న హిందీ యాత్రికుల కుటుంబం కూడా తమ గిన్నెలోకి చాలాసేపు చూసి, ఏదో మంతనమాడి, పెరుగన్నం తెప్పించుకుంది.

బిల్లులో మాయ ప్రత్యక్షమైంది. దాని పేరు సర్వీసు ఛార్జీ. హోటళ్లు తమంతట తాము దాన్ని బిల్లులో వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పిందని నేను అనగానే అంతర్ధానమైంది. జ్ఞానం కలిగితే తొలగేదే కదా మాయ. తొలగనిది జీఎస్టీ. కేంద్రానికి 42.50, రాష్ట్రానికి 42.50. ఈ ఇద్దరి భేదం నిత్యమని మధ్వాచార్యులవారి శిష్యుల్లా ఒప్పుకుని కట్టేశాను.

మర్నాడు ఈ దర్శనాన్ని పక్కింటి సంస్కృతం మాస్టారికి నివేదించాను. ఆయన ఒప్పుకోలేదు. ‘‘ముక్కలు మిథ్య అంటే ఎట్లా అండీ? పనీరు పనీరే, బఠాణీ బఠాణీయే. గ్రేవీ ఆత్మ, ముక్కలు శరీరం. ఇది విశిష్టాద్వైతం. రామానుజులవారు తిరిగిన ఊళ్లో మీరు అద్వైతం ఆర్డరు చేయడమేమిటి?’’ అన్నారు. సిద్ధాంతం బాగానే ఉంది గానీ, బటర్ మసాలాలో ఆ విశేషణాలు, అంటే పనీరు ముక్కలు, ఐదే ఉన్నాయి, ఒక్కొక్కటి యాభై రెండు రూపాయలు పడిందని మనవి చేసుకున్నాను. ఆయన వేళ్ల మీద ఒకసారి లెక్కవేసుకుని, ఆ ధరకు మిథ్య అనడమే మనశ్శాంతి అని కొంత మెత్తబడ్డారు.

మేమిట్లా వాదించుకుంటుండగా, పార్శిల్ కట్టించుకొచ్చిన మూడు గ్రేవీలనూ అమ్మ ఒకే దాకలో గుమ్మరించింది. చింతపండు రసం పోసి, ఆవాలు, ఎండుమిరపకాయలు, దంచిన వెల్లుల్లితో తిరగమాత పెట్టి, సంగటి ముద్దలో గుంట చేసి పోసింది. మాస్టారు రెండోసారి అడిగి వేయించుకుని, ఇది లబాబ్‌దారా, పసందానా అని నన్ను విచారించారు. నేను మెనూ గుర్తు చేసుకునేలోపు అమ్మే జవాబు చెప్పింది.

‘‘పులుసు.’’