రివర్స్ ఆక్షన్ రూల్స్ గారికి, కర్నూలు నుంచి

సర్కారు ఆఫీసులు ఆన్‌లైన్లో సరుకులు కొనే జెమ్ పోర్టల్ నివాసులు, తక్కువ రేటుకు దిగినోడిదే ఆర్డరనే మహారాజశ్రీ రివర్స్ ఆక్షన్ నిబంధనల వారి దివ్య సముఖమునకు, బడి బెంచీలు చేసుకొని బతికే ఒక వర్క్‌షాపు ఓనరు నమస్కరించి రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం, నిన్న మధ్యాహ్నం వరకు.

మూడు గంటలకు బెంచీల పాట ముగుస్తాదన్నారు, నమ్మినా. ఆఖరి 15 నిమిషాల్లో ఎవరు రేటు తగ్గించినా గడువు ఇంకో 15 నిమిషాలు దానంతటదే పెరగాలని తమరే కదా సెలవిచ్చినారు. ఎంత దయ! అవతల ఎవరో పుణ్యాత్ముడు, పేరు కనబడదు. సరిగ్గా చివరి నిమిషంలో నిద్ర లేచి ఓ మెట్టు దిగుతాడు. నేనూ దిగుతా. మళ్లీ 15 నిమిషాలు. తెప్పించుకున్న ఉగ్గాని చల్లారింది, బజ్జీలు మెత్తబడినాయి. బాత్రూముకు పోవాలన్నా భయమే. చీకటి పడినాక వెల్డింగ్ పిల్లోడు "అన్నా, షట్టర్ దించేద్దునా?" అనడిగితే వాని మీద అరిచినా. పాపం, వాడేం చేసినాడు?

మా మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ రైతుకు గిట్టినా గిట్టకపోయినా, పాట మాత్రం పైకే పోతాది. తమరి పాటలో దిగే ప్రతి మెట్టూ నా బెంచీలోంచే రావాల. ముందు లాభం పోయింది. తర్వాత రెండో కోటింగు పెయింటు పోయింది. ఇంక కోయడానికి పైపు మందమొకటే మిగిలింది. 16 గేజీ అని రాసిన చోట పలచటి 20 గేజీ వేస్తే ఐదో తరగతి పిల్లోళ్లు ముగ్గురు కూర్చునేసరికి వంగుతాది. అక్కడ ఆగిపోయినా. ఆయన ఆగలేదు, పాట గెలిచినాడు. మరీ తక్కువకు వస్తే ఎట్లా గిట్టుబాటవుతాదో రాతపూర్వకంగా అడగొచ్చని కేంద్రం కొనుగోళ్ల మాన్యువల్లో ఉంది. అడిగే నాథుడేడి? పైపు కొలిచే స్క్రూగేజీ అయినా ఆఫీసు బీరువాలో ఉందా?

అందరికంటే ఎక్కువ రేటు వేసినోణ్ణి ముందే పాటలోంచి బయటికి గడప దాటించే హెచ్-1 ఎలిమినేషన్ ముచ్చటొకటి. అసలు ఖర్చు ఉన్నదున్నట్టు రాసినోడే ఆ గడప దాటేది.

మన రాష్ట్రంలో 2019లో వచ్చిన రివర్స్ టెండరింగును 2024లో తీసేస్తే పీడ పోయిందనుకున్నాం. తమరు ఢిల్లీలో చల్లగా ఉన్నారని మరిచినాం.

సరే, రేటు దింపుకోండి. డబ్బులేవీ? సరుకు అందిందని సర్టిఫికెట్ పడిన 10 రోజుల్లో చెల్లించాలని అదే పోర్టల్లో రాసుంది. 45 రోజులు దాటరాదని చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెప్తాది. పోయినేడు నేను దించిన బెంచీల మీద పిల్లోళ్లు పేర్లు గూడా చెక్కుకున్నారు, బిల్లు మాత్రం టేబుల్ దిగలేదు. అడగబోతే "సారు మీటింగులో ఉన్నారు, రేపు రా". దానికి ఏ 15 నిమిషాల గడియారమూ పెట్టరా సామీ?