ఉపవాక్యంలో మకాం వేసిన పర్‌ఫెక్ట్ టెన్స్ గారికి

అయ్యా పర్‌ఫెక్ట్ టెన్స్ గారూ,

నమస్కారం. హ్యావ్, హ్యాడ్‌లని వెంటేసుకు తిరిగే మీరు ఒంటి వాక్యంలో ఉన్నంతసేపూ మీతో నాకు పెద్ద పేచీ లేదు. 'ఐ హ్యావ్ ఈటెన్' అంటే తిన్నాను, కడుపు నిండింది, ఇంకేమీ వడ్డించకండి అని. గొడవల్లా వెన్, ఆఫ్టర్, బిఫోర్, ఇఫ్ లాంటి మాటలతో ఒక ఉపవాక్యం వచ్చి చేరి, మీరు అందులోకో దాని పక్కకో దూరాకే మొదలవుతుంది. అక్కడ మీది ఏ ఎండకు ఆ గొడుగు.

ముందు నాకు తగిలిన దెబ్బ చెప్పుకోనివ్వండి. ఆ మధ్య ఒక ఫోన్ మీటింగ్‌కి మా పైఅధికారి అరగంట ఆలస్యంగా వచ్చాడు. ఆయన వచ్చేసరికి నేను వెళ్ళిపోయాను. మర్నాడు సంజాయిషీగా ఒక మెయిల్ రాశాను: 'వెన్ యూ జాయిన్డ్ ద కాల్, ఐ లెఫ్ట్.' రెండుసార్లు చదువుకున్నాను. తప్పేమీ కనిపించలేదు. కంప్యూటర్ కూడా ఎర్రగీత గీయలేదు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: 'నాతో మీకేమైనా ఇబ్బందా?'

నేను రాసిన దానికి అర్థం 'మీరు రాగానే నేను వెళ్ళిపోయాను' అట! ఆయన మొహం చూసి పారిపోయినట్టు. 'ఐ హ్యాడ్ లెఫ్ట్' అని రాసి ఉంటే సరిపోయేది. ఆ ఒక్క హ్యాడ్ లేకపోవడంతో ఆలస్యంగా వచ్చిన మనిషి బాధితుడయ్యాడు, అరగంట కాచుకు కూర్చున్న నేను పొగరుబోతునయ్యాను.

తెలుగులో నాకీ ప్రమాదం ఎప్పుడూ రాలేదు. 'మీరు వచ్చేసరికి' అన్నా 'మీరు రాగానే' అన్నా, ఏది ముందు ఏది వెనక అన్నది ఉపవాక్యంలో ఉన్న క్రియ తోకే చెప్పేస్తుంది. 'వెళ్ళిపోయాను' మాత్రం రెండుచోట్లా అదే వెళ్ళిపోయాను. మీరేమో వెన్ అనే మాటకి ఆ పని అప్పగించకుండా, అవతలి వాక్యంలో హ్యాడ్‌ని కూర్చోబెట్టి దాని చేత చెప్పిస్తారు. ఇల్లు ఒకచోట, తాళంచెవి ఇంకోచోట.

ఈ వ్యవహారాన్ని అర్థం చేసుకోవడానికి హాన్స్ రైఖెన్‌బాఖ్ అనే తత్వవేత్త 1947లో మూడు చుక్కల లెక్క ఒకటి ఇచ్చాడు. పని జరిగిన క్షణం ఒకటి, మాట్లాడుతున్న క్షణం ఇంకొకటి, ఎక్కడ నిలబడి ఆ పనిని చూస్తున్నామో ఆ క్షణం మూడోది. నా కేసులో చూస్తే పని జరిగిన క్షణం నేను వెళ్ళిపోవడం, మాట్లాడుతున్న క్షణం నేను మెయిల్ రాయడం, నిలబడి చూసే క్షణం ఆయన రావడం. ఆయన వచ్చిన చోట నిలబడి వెనక్కి చూడాలి కాబట్టి హ్యాడ్ కావాలి. చక్కటి లెక్క. కానీ మెయిల్ రాసేటప్పుడు చుక్కలు పెట్టుకు కూర్చునే తీరిక ఎవరికి ఉంటుందండీ?

పోనీ ముందూ వెనకా చెప్పడమే మీ ఉద్యోగం అనుకుందామంటే, రేపటి పనికీ మీరే తయారు. 'ఐ విల్ కాల్ యూ వెన్ ఐ హ్యావ్ ఫినిష్డ్.' పని ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే 'హ్యావ్ ఫినిష్డ్' ఏమిటి? చిన్నప్పుడు నేను బుద్ధిగా 'వెన్ ఐ విల్ హ్యావ్ ఫినిష్డ్' అని రాస్తే మాస్టారు విల్‌ని ఎర్ర సిరాతో రెండుసార్లు కొట్టేశారు. ఫ్యూచర్ పర్‌ఫెక్ట్ అని నేర్పిందీ ఆయనే, వాడితే కొట్టేసిందీ ఆయనే. వెన్, ఆఫ్టర్, అంటిల్ లాంటివి సమయం చెప్పే చోట విల్‌కి ప్రవేశం లేదన్నారు. సరే అని తల ఊపితే, 'ఐ డోంట్ నో వెన్ హీ విల్ కమ్' అన్న వాక్యంలో విల్ దర్జాగా కూర్చుని ఉంది. అక్కడ వెన్ సమయం చెప్పడం లేదట, ప్రశ్న అడుగుతోందట!

ఈ ఒక్క విషయంలో మేమూ తక్కువ తినలేదు, ఒప్పుకుంటాను. రేపు జరగబోయే పనికి 'పని అయిన తర్వాత ఫోన్ చేస్తాను' అంటాం. అయిన అంటే అయిపోయినదే కదా. కాబట్టి ఈ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోను.

ఎస్టర్డే సంగతి చూడండి. 'ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్డే' అంటే తప్పు, నిన్న అనే మాట పక్కన మీరు కూర్చోరట. అంత మడి కట్టుకున్నవారు 'హీ క్లెయిమ్స్ టు హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్డే' అనగానే నిన్నతో చెట్టాపట్టాలేసుకుని తిరుగుతారు. టు పక్కన వచ్చే క్రియకి భూతకాల రూపం ఉండదు కాబట్టి ఆ బరువు కూడా హ్యావ్ మోయాలన్నది మీ వాదన. వాదన సబబే. కానీ పైవాక్యంలో మాకు వేసిన జరిమానా సంగతేమిటి?

ఒకరు అన్నమాట ఇంకొకరికి చేరవేసేటప్పుడు మీరు చేసే పని ఇంకా ఘోరం. ఒకడు 'ఐ ఏట్' అంటాడు, ఇంకొకడు 'ఐ హ్యావ్ ఈటెన్' అంటాడు, మూడోవాడు 'ఐ హ్యాడ్ ఈటెన్' అంటాడు. బడిలో నేర్పిన పద్ధతిలో చెబితే ముగ్గురిదీ ఒకటే మాట, 'హీ సెడ్ హీ హ్యాడ్ ఈటెన్'. ఎవడేమన్నాడో ఇక ఎలా తెలుస్తుంది? మాకు 'అని' అనే చిన్న ముక్క ఉంది. 'తిన్నాను అని అన్నాడు', 'తింటాను అని అన్నాడు'. అన్నవాడి మాట అన్నట్టే ఉంటుంది, కాలం మీద ఎవరూ చెయ్యి వేయరు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ మెయిల్ తర్వాత పైఅధికారే ఫోన్ చేశాడు. నేను వెన్ గురించీ హ్యాడ్ గురించీ వివరిస్తున్నాను. మధ్యలో ఠక్కున లైన్ కట్ చేశాడు. దీన్ని మీ భాషలో ఎలా చెప్పాలి? 'హీ కట్ ద కాల్ బిఫోర్ ఐ హ్యాడ్ ఫినిష్డ్.' రెండు పనుల్లో ముందు జరిగినదానికి హ్యాడ్ పెట్టాలని కదా ఇన్నాళ్ళూ బట్టీ పట్టించారు? ఇక్కడ ముందు జరిగింది ఆయన కట్ చేయడం. దానికి హ్యాడ్ లేదు. నేను ముగించడం ముందు కాదు సరికదా, తర్వాత కూడా జరగలేదు! దానికి హ్యాడ్ పెట్టారు. పైగా పర్‌ఫెక్ట్ అంటే లాటిన్‌లో పూర్తయినది అని అర్థం. నోట్లోనే ఆగిపోయిన నా మాటకి ఆ బిరుదు!

మేమైతే 'నేను ముగించకముందే కట్ చేశాడు' అంటాం. ముగించక. జరగలేదన్న సంగతి ఆ క్రియలోనే ఉంది.

ఆఫ్టర్ వచ్చినప్పుడు మాత్రం మీరు ఉన్నా లేకపోయినా ఒకటేనట, వరస ఆ మాటే చెప్పేస్తుంది కాబట్టి. 'ఇఫ్ ఐ హ్యాడ్ నోన్' జోలికి నేను పోను. 'తెలిసి ఉంటే' అంటూ మేమూ అక్కడ ఉండు అనే క్రియని అరువు తెచ్చుకుంటాం.

మెయిల్‌కి ఇంకా సంజాయిషీ ఇవ్వాల్సి ఉంది. ఈసారి హ్యాడ్ ఎక్కడ పెట్టాలో తేలక డ్రాఫ్ట్ అలాగే ఉంది.

ఇట్లు,
ఇరవై ఏళ్ళ నుంచి మిమ్మల్ని నేర్చుకుంటున్న అభాగ్యుడు

(దీన్ని ఇంగ్లీషులో 'ఐ యామ్ లెర్నింగ్ సిన్స్ ట్వెంటీ ఇయర్స్' అనే రాసుకున్నాను. హ్యావ్ బీన్ కావాలంటే మీరే వచ్చి కూర్చోండి.)