మహారాజశ్రీ సగటు గారికి, నెల్లూరు నుంచి

నమస్కారములు. నిన్న మధ్యాహ్నమంతా రొయ్యల కంటైనర్ కాగితాలు పోర్టల్లోకి ఎక్కక మా ఆఫీసు ఆఫీసే చేతులు కట్టుకుని కూర్చుంది. నెట్ లైను ఇచ్చినాయన తాపీగా వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి, తమరి దర్శనం చేయించాడు. "వాడకం సగటున 35 శాతమే సార్. లైను ఖాళీ." ఖాళీ లైనులో మా కాగితం ఎందుకు పోలేదయ్యా అంటే రూటర్ ఆపి మళ్లీ వేశాడు. వాళ్ల కస్టమర్ కేర్ పాట గురించి వేరే ఉత్తరం రాస్తాను.

తమరు ఐదు నిమిషాలకోసారి లెక్క చెప్తారు. మధ్యలో ఇరవై సెకన్లు రూటర్లో క్యూ నిండి ప్యాకెట్లు, అంటే డేటా పొట్లాలు, నేలపాలైతే తమరికి పట్టదు. టెలిఫోన్ల కాలంలో, ఎన్ని కాల్స్‌కి ఎన్ని లైన్లు కావాలో చెప్పే ఎర్లాంగ్ లెక్కల్లో, తమరి మాట చెల్లింది. ఎవరి కాల్ వారిది, జనం కలిసేకొద్దీ ఎగుడుదిగుళ్లు సర్దుకునేవి. కంప్యూటర్లు అలా కాదని లేలాండ్, తక్కు, విల్లింజర్, విల్సన్ అనే పరిశోధకులు 1994లోనే రాశారు. అమెరికాలో బెల్‌కోర్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థ ఆఫీసు నెట్‌వర్క్ (ఈథర్నెట్) ట్రాఫిక్‌ను సెకనులో వందో వంతు చొప్పున చూసినా, వంద సెకన్ల చొప్పున చూసినా అదే ఎగుడుదిగుడు.

దాన్ని కొలిచే హర్‌స్ట్ సంఖ్య ఎక్కడిదో తెలుసా? నైలు నది మీద జలాశయం ఎంత పెద్దది కావాలో లెక్కేసిన ఇంజనీరుది, 1951 నాటిది. కరువేళ్లు గుంపుగా, వరదేళ్లు గుంపుగా వస్తాయని ఆయన పట్టుకున్నాడు. పెన్న ఒడ్డునోళ్లకి ఇది ఒకరు చెప్పాలా? ఏళ్లకేళ్లు ఇసకే. 2021 నవంబరులో వరదొచ్చి మా నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైళ్లే ఆగిపోయినాయి. పైనున్న సోమశిల డ్యాం గేట్లు సగటు చూసి ఎత్తారా?

తమరొక్కరి వల్ల కాకపోతే సరే, దారి ఉంది గదా! కాలాన్ని ముక్కలు చేసి, ముక్కల సైజు పెంచుకుంటూ పోయి, ఆ ముక్కల సగటుల వేరియన్స్ (ఎగుడుదిగుడు కొలత) ఎంత త్వరగా తగ్గుతుందో రెండు వైపులా లాగ్ స్కేల్‌లో (పదింతలకో మెట్టు చొప్పున) గీయమనండి ఆ లైను వాళ్లని. వాలు మైనస్ 1 ఉంటే తమరు నిజం చెప్తున్నట్టు. అంతకన్నా నిదానంగా దిగితే డేటా ఉప్పెనలు కలిసినా సర్దుకోవు, బఫర్ (క్యూకి ఇచ్చిన చోటు) ఎంత పెంచినా పెద్దగా ఒరగదు. (పగలూ రాత్రీ తేడా ముందే తీసేయాలి, లేకపోతే గీత కూడా బొంకుద్ది.) ఇంతమాత్రం పని చేయడానికి వాళ్లకేం రోగం? నెలనెలా డబ్బు కట్టించుకుని, రంగురంగుల గ్రాఫు మా మొహాన కొట్టి, లైను ఖాళీ అంటారా?

విడ్డూరమేందంటే, ఆ గీత గీయాలన్నా ప్రతి ముక్కకీ తమరినే పిలవాలి. కాబట్టి ఉద్యోగం పోదులెండి. ఒంటరిగా మాత్రం రిపోర్టులో కనపడబాకండి.