గ్రాంటు కట్టకా, నీటికా?

చెరువుల కాలుష్యం తగ్గించడానికి నిధులొస్తాయనగానే మన దగ్గర ముందు తయారయ్యేది రెయిలింగ్ అంచనా. ఆ వెంటే వాకింగ్ ట్రాక్, హైమాస్ట్ లైట్లు, సిమెంటు బెంచీలు, సెల్ఫీ దిగడానికి ‘ఐ లవ్’ అక్షరాలు. నీళ్లలో కలుస్తున్న యూరియా మాత్రం ఏ పద్దులోనూ కనిపించదు.

ఫ్యాక్టరీ పైపుకైనా, హైదరాబాద్ మురుగుతో కేతేపల్లి దాకా వచ్చే మూసీకైనా ఎవరిని నిలదీయాలో తెలుసు. 1974 నాటి నీటి కాలుష్య చట్టం పట్టుకునేదీ ప్రధానంగా వాటినే. పొలాల మీదుగా, ఊరి వీధుల మీదుగా, కోళ్ల ఫారాల వెనక పెంటకుప్పల మీదుగా వాన కడిగి తెచ్చేదాన్ని పట్టించుకునే నాథుడు లేడు. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లయ్యాక ఏదైనా వాగు గట్టున నిలబడి చూడండి. మడవ తెరిచిన మళ్ల నుంచి ఎరువు నీళ్లు దిగుతుంటాయి. పవర్ స్ప్రేయర్ కడిగిన నురుగు వాటి వెంట పోతుంటుంది. తూము దగ్గర గడ్డిమందు ఖాళీ డబ్బాలు తేలుతుంటాయి. అదంతా చెరువులో చేరాక గుర్రపుడెక్క కమ్ముకుంటుంది, దాన్ని తీయించడానికి మళ్లీ ఓ టెండరు. ఎరువు తిని పెరిగే డెక్కను పీకిస్తూ, ఎరువు వచ్చే దారిని మాత్రం వదిలేస్తున్నారు. కాంట్రాక్టర్‌కు ఇంతకన్నా ఖాయమైన పని ఏముంటుంది?

రైతును దోషిని చేస్తారా అని కొందరు అడుగుతారు, కట్ట బాగుంటేనే జనం చెరువును కాపాడుకుంటారని మరికొందరంటారు. సరే. కానీ 45 కిలోల యూరియా బస్తాను పన్నులు, వేపపూత ఖర్చు కాక 242 రూపాయలకే ఇస్తూ, మిగతా ఎరువుల ధర పెంచింది ప్రభుత్వాలే, రైతు కాదు. రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి మిగిలిన సబ్సిడీలో సగం గ్రాంటుగా ఇస్తామంటూ కేంద్రం 2023లో పీఎం ప్రణామ్ తెచ్చింది. 2025 వానాకాలంలో యూరియా కోసం రైతులు చెప్పులు క్యూలో పెట్టారు. ఆ దృశ్యం చూశాక ఆ పథకం మన పల్లెల దాకా వచ్చిందని ఎవరు నమ్ముతారు?

మహబూబ్‌నగర్ పెద్దచెరువు మినీ ట్యాంక్‌బండ్ అయింది. సాయంత్రం పిల్లాపాపలతో జనం వస్తారు, మంచిదే. అది సుందరీకరణ అని చెప్పి చేసిన పని. అదే పనిని కాలుష్య నివారణ అని రాసి బిల్లు పెట్టడమే మా అభ్యంతరం. రెయిలింగ్‌కు ఒక్కసారి ఆ పేరుతో యూసీ (నిధులు ఖర్చయినట్టు ఇచ్చే వినియోగ ధ్రువపత్రం) ఆమోదం పొందితే, పక్క మున్సిపాలిటీ దాన్నే చూపిస్తుంది. ఆ పై ఏడాది జిల్లా అంతా చూపిస్తుంది. ఇక ఏ ఇంజనీరూ ఎరువును ఆపేందుకు పంట కాలువ చివర గడ్డి పట్టీ పెంచుదామనో, నీళ్లు చెరువులోకి దిగేచోట తుంగ మడుగు వదులుదామనో రాయడు. శిలాఫలకం వేయడానికి వీల్లేని పని ఎవరికి కావాలి?

అమెరికా 1987లోనే తన స్వచ్ఛ జల చట్టంలో 319వ సెక్షన్ చేర్చి పొలాలు, వీధుల నుంచి వాన కడిగి తెచ్చే ఈ రకం కాలుష్యానికి విడిగా గ్రాంటు పెట్టింది. ఖర్చులో అక్కడి కేంద్రం ఇచ్చేది 60 శాతానికి మించదు. ఇక్కడ చెరువుల పరిరక్షణకు కేంద్ర పథకంలోనూ వాటాలు 60:40. వాటాల దగ్గర పేచీ లేదు. డబ్బు దేనికి ఖర్చయిందో నీటిని అడగకపోవడం దగ్గరే ఉంది.

నీటి పరీక్ష అంటే ఏమిటో నల్లగొండకు ఎవరూ నేర్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు బోర్లలో ఫ్లోరైడ్ ఎంతో అంకెల్లో తేలాకే ఈ జిల్లా గోడు పైవాళ్ల చెవికెక్కింది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్న ప్రమాణం ఉంది. దక్షిణ తెలంగాణ భూగర్భ జలాల్లో అది హద్దు దాటుతున్న చోట్లు ఉన్నాయి. అయినా వాన పడ్డాక వాగు నోటి దగ్గర ఒక సీసా నీళ్లు పట్టి ల్యాబుకు పంపడానికి నిధుల్లేవట! ప్రారంభోత్సవానికి టెంట్లు, పూలదండలకు మాత్రం ఎన్నడూ లోటు రాదు.

ఇకపై ఇలాంటి ఫైలు వస్తే కలెక్టర్లు ఒక్క కాగితం అడగాలి. పనికి ముందు, రెండు వానాకాలాలు గడిచాక చేయించిన నీటి పరీక్షల రిపోర్టు లేకుండా యూసీపై సంతకం పెట్టకూడదు. ఎవరూ అడగరన్న ధీమాతోనే ఇన్నాళ్లూ ఆ కాగితం ఫైల్లోకి రాలేదు.