పాల్పడటం కాదు

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు జిల్లా పేజీల్లో ఒక వాక్యం దాదాపు ఏటా కనిపిస్తుంది: ‘ఫెయిలయ్యాననే మనస్తాపంతో విద్యార్థి ఆత్మహత్యకు పాల్పడ్డాడు’. దొంగతనానికి పాల్పడతారు, మోసానికి పాల్పడతారు, అత్యాచారానికి పాల్పడతారు. మంచిపనికి పాల్పడ్డారని తెలుగులో ఎవరూ అనరు. చనిపోయిన పిల్లవాడిని ఆ ఒక్క క్రియతో నిందితుల వరుసలో నిలబెడుతున్నాం. ఆ వార్తను వాళ్లమ్మా చదువుతుంది.

ఒకప్పుడు ఈ మాటకు చట్టం అండ ఉండేది. ఐపీసీ 309 సెక్షన్ ఆత్మహత్యాయత్నానికి ఏడాది దాకా జైలు శిక్ష రాసిపెట్టింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ దృష్టిని మార్చింది. అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యతని చెప్పింది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 309ని కొనసాగించలేదు. ప్రభుత్వోద్యోగిని విధుల విషయంలో ఒత్తిడి చేయాలనో, అడ్డుకోవాలనో చేసే ఆత్మహత్యాయత్నాన్నే నేరంగా ఉంచింది. చట్టం వదిలేసిన నిందను పోలీసు ప్రెస్‌నోట్లు, వార్తాపత్రికలు ఇంకా మోస్తున్నాయి.

‘మనస్తాపంతో’ అన్నది ఇంకా ఇబ్బందికరమైన మాట. వినడానికి జాలిగానే ఉంటుంది. కానీ కారణమంతా ఆ పిల్లవాడి మనసులోనే ఉందని తేల్చేసి, మిగతా అందరినీ తప్పిస్తుంది. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మార్కుల తప్పులు బయటపడ్డాయి, విచారణ కమిటీ లోపాలు ఎత్తిచూపింది. మనస్తాపం దగ్గరే ఆగిపోతే బోర్డును అడగాల్సిన ప్రశ్నలు ఎవరు అడుగుతారు? రైతు విషయంలో ‘అప్పుల బాధ తాళలేక’ అనేదీ అంతే. తాళలేకపోవడం రైతు బలహీనతలా వినిపిస్తుంది; వడ్డీ ఎంతో, కౌలు రైతుకు బ్యాంకు రుణం ఎందుకు అందలేదో ఆ వాక్యంలో ఉండదు.

మరోవైపు చావుకు అందం అద్దే మాటలున్నాయి. ‘మృత్యు ఒడికి’, ‘చావులోనూ ఒక్కటైన జంట’, ‘ఆత్మహత్యే శరణ్యం’. ఒడి అంటే అమ్మ గుర్తొస్తుంది, శరణ్యం అంటే కాపాడేది. ధర్నాలో ఒక రైతు కడుపు మండి ఆ మాట అంటే అది అతని ఆవేదన, దాన్ని తప్పుపట్టలేం. అదే మాట పెద్దక్షరాల శీర్షికైతే, అవే కష్టాల్లో ఉన్న ఇంకో ఇంటికి దారి చూపినట్టవుతుంది. ఆత్మహత్యను సంచలనంగానో, సమస్యలకు పరిష్కారంగానో చూపొద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే పత్రికలకు చెప్పింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13 వేల మందికి పైగా విద్యార్థులే.

నిజాన్ని కప్పే కొత్త పదం అక్కర్లేదు. ‘బలవన్మరణం’ అని రాసినంత మాత్రాన గౌరవం పెరగదు. ‘ఆత్మహత్య చేసుకున్నారు’ అనే సాదా మాట చాలు. బతికినవారి గురించి ‘ప్రయత్నం విఫలం’ అనొద్దు, ప్రాణాలతో బయటపడ్డారని రాద్దాం. కారణం తెలియనప్పుడు కారణం రాయకూడదు. పోలీసు శాఖ తన ప్రెస్‌నోట్ల నుంచి ‘పాల్పడ్డాడు’ను తీసేయాలి. ప్రతి న్యూస్ డెస్కూ ఆ వార్త కింద మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 వేయాలి. రాత్రీ పగలూ పనిచేసే ఆ ఉచిత ఫోన్ సేవ తెలుగులోనూ అందుతుంది.