గ్యాసే కాస్త సర్దుకోవాలి

విశాఖపట్నంలో మాడ్యులర్ కిచెన్‌కీ ఎల్పీజీ స్వభావానికీ పొసగడం లేదన్న సంగతి ఇక దాచి లాభం లేదు. మధురవాడలో కొత్త ఫ్లాటైనా, ఎంవీపీ కాలనీలో పాత ఇంటికి కొత్త వంటగదైనా, కిచెన్ ఫిట్టరు తన వంతు తాను చేశాడు. గ్యాస్ బండ కనబడకూడదన్నారు, దాచాడు. పైపు కనబడకూడదన్నారు, డ్రాయర్ల వెనక నుంచి తిప్పాడు. చీమ కూడా దూరకూడదన్నారు, అరల అడుగున ఉండే స్కర్టింగ్ పట్టీ పొడవునా సిలికాన్ పట్టించాడు. ఇంతమంది ఇంత సహకరించినా గ్యాస్ మాత్రం తన పాత అలవాట్లు మానడం లేదు. కనుక పెట్రోలియం శాఖవారు గ్యాస్ నడవడికను సవరిస్తూ వెంటనే ఉత్తర్వులివ్వాలి. దేశమంతటా కుదరకపోతే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పరిధి వరకైనా చాలు.

అన్నిటికన్నా ముందు దాని బరువు సంగతి తేల్చాలి. ఎల్పీజీ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేలమీదికి జారి అక్కడే పరుచుకుంటుంది. అందుకని బండను మూసిన అరలో పెట్టొద్దని, తప్పదంటే అర అడుగున నేలను ఆనుకుని ఒక కంత, పైన ఒక కంత ఉంచమని జాగ్రత్తలు చెప్పేవాళ్ళు చెబుతారు. వాళ్ళకి అర తలుపుగా బిగించే అక్రిలిక్ షట్టరు ధర తెలియదు. అడుగున కంతలంటే బొద్దింకలకి రాచబాటే కదా! అందుకే ఫిట్టరు మధ్యేమార్గం కనిపెట్టాడు. షట్టరు పైఅంచున వరసగా నాలుగు గుండ్రటి స్టీలు జాలీలు బిగిస్తాడు. చూడముచ్చటగా ఉంటాయి. గ్యాసు మాత్రం కింద కూర్చుని వాటికేసి చూస్తూ ఉంటుంది. అదే పైపులో వచ్చే సహజవాయువైతే గాలికన్నా తేలిక, ఆ జాలీలు దానికి కొంతైనా పనికొచ్చేవి. ఎల్పీజీని కూడా అలా తేలిక చేస్తే ఎవరి సొమ్మేం పోయింది?

తర్వాత సవరించవలసింది ఆ 2 శాతం. గాలిలో ఎల్పీజీ సుమారు 2 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వ తగిలిందంటే అంటుకుంటుంది. బండ పెట్టే అర 60 సెంటీమీటర్ల వెడల్పు, 60 లోతు, 80 ఎత్తు అనుకోండి. 288 లీటర్లు. అందులో 2 శాతమంటే ఆరు లీటర్లు కూడా లేదు. తూకంలో 13 గ్రాములు. 14.2 కిలోల బండలోంచి 13 గ్రాములు కారితే ఎవరైనా పట్టించుకుంటారా? బండ ఆక్రమించిన చోటు తీసేసి, గ్యాసంతా కిందే చేరుతుందన్నదీ కలిపితే, ఆ 13 కూడా అక్కర్లేదు. బండ మూతిలో కాస్త అరిగిన ఓ-రింగు (రబ్బరు రింగు) రాత్రి తెల్లవారేలోగా ఆ పని పూర్తి చేయగలదు. ఇంత తక్కువ మోతాదుకే అంత కోపం తెచ్చుకునే పదార్థాన్ని ఇళ్ళలోకి రానివ్వడమే విడ్డూరం. 2 శాతాన్ని 20 చేయాలి.

వాసన విషయంలో మాత్రం ఫిట్టరు ప్రతిభను మెచ్చుకోకుండా ఉండలేం. ఎల్పీజీకి సొంత వాసన లేదు కనుక, లీకైతే ముక్కుకి తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టన్ కలుపుతారు. ఆ కంపు హాల్లోకి రాకుండా షట్టరు, సిలికాన్, స్కర్టింగ్ కలిసి కాపలా కాస్తాయి. తలుపు తీసినప్పుడే తెలుస్తుంది. తలుపు తీయగానే సెన్సారు ప్రొఫైల్ లైటు కూడా వెలుగుతుంది. ఆ లైటు అడాప్టరు, హాబ్ (గట్టులో బిగించే స్టవ్వు) ఆటో ఇగ్నిషన్ ప్లగ్గు ఒకే బోర్డులో, బండ వెనకే ఉంటాయి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయొద్దు, తీయొద్దు, కిటికీలు తెరవండి, రెగ్యులేటర్ ఆపండి, 1906కి ఫోన్ చేయండి అని పాతకాలపు సలహా ఒకటుంది. ఇప్పుడు స్విచ్చు వేసే శ్రమ కూడా మనకి లేదు, తలుపే వేస్తుంది.

ఇక గొట్టం. ఐఎస్ఐ గుర్తున్న, లోపల తీగ అల్లిక ఉన్న సురక్ష గొట్టమే వాడాలి. పొడవు ఒకటిన్నర మీటరు దాటకూడదు. మధ్యలో అతుకు, టీ జాయింటు ఉండకూడదు, గోడలోంచి పోకూడదు, మొత్తం కంటికి కనబడాలి, అయిదేళ్ళకి మార్చాలి. తేదీ గొట్టం మీదే అచ్చేసి ఉంటుంది. ఆ అచ్చు సాధారణంగా ప్లైవుడ్ వైపు తిరిగి ఉంటుంది. బండ మూల అరలోకీ హాబ్ కిటికీ పక్కకీ వెళ్ళిపోయాయి కనుక ఒకటిన్నర మీటరు చాలదు. ఇత్తడి నిపుల్ (అతుకు గొట్టం ముక్క) పెట్టి రెండు ముక్కలు కలుపుతారు. సైడ్ ప్యానెల్‌కి డ్రిల్లుతో కంత పెట్టి, అంచు నునుపు చేయకుండా గొట్టాన్ని దూరుస్తారు. బండ చక్రాల ట్రాలీ మీద ఉంటే లాగిన ప్రతిసారీ ఆ అంచు మీద గొట్టం ఒరుసుకుంటుంది. పక్కన టాండెమ్ డ్రాయరు సాఫ్ట్‌గా మూసుకుంటూ దాన్నే నొక్కుతుంది. సాఫ్ట్ క్లోజ్ కనుక నొప్పి తెలియదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో ఉప్పుగాలి నాసిరకం క్లిప్పుల్ని తినేస్తుంది, అది వేరే సంగతి.

రెగ్యులేటర్ చేతికి అందేలా ఉండాలన్న నియమం కూడా పాటిస్తున్నారు. షట్టరు తీసి, ట్రాలీ లాగి, చెత్తబుట్ట పక్కకి జరిపి, మోకాళ్ళ మీద కూర్చుంటే అందుతుంది. రాత్రి పడుకునే ముందు కట్టేయమంటే ఇంత తపస్సు ఎవరు చేస్తారు?

హాబ్ అడుగున గొట్టం తగిలించే మోచేతి ముక్క ఉంటుంది. దాని మరకి, హాబ్ మరకి మధ్య ఒక ఫైబర్ వాషరు. పెట్టెలోంచి థర్మోకోల్ తీసేటప్పుడు ముందుగా పోయేది అదే. నీళ్ళ కొళాయికి చుట్టే తెల్లటి టేపు నాలుగు చుట్లు చుట్టి బిగించేస్తే సరిపోతుందన్నది ఫిట్టరు వాదన. అక్కడ గ్యాసుని ఆపవలసింది మర కాదు, వాషరు ముఖం. టేపెంత చుట్టినా ఆ ముఖం ఖాళీగానే ఉంటుంది.

పని అయ్యాక పరీక్ష. సరైన పద్ధతి: బర్నర్ల నాబ్‌లన్నీ కట్టేసి, రెగ్యులేటర్ తెరిచి, రెగ్యులేటర్ దగ్గర, నాజిల్ దగ్గర, మోచేతి దగ్గర సబ్బునురగ పూసి బుడగలొస్తాయేమో నిదానంగా చూడాలి. ఇది అయిదు నిమిషాల పని, ఖర్చు ఒక స్పూను డిష్‌వాష్ లిక్విడ్. ఫిట్టరు పద్ధతి: బర్నరు వెలిగించడం. వెలిగింది, అంటే గ్యాస్ వస్తోంది, అంటే పని బాగుంది. అనుమానిస్తే, "ఏటీ అవదు సార్, ఎన్నిళ్ళు చేసేం" అని, మరీ పట్టుబడితే జాయింటు దగ్గర అగ్గిపుల్ల గీసి చూపిస్తాడు.

బ్రిటన్‌లో ఇంత పురోగతి లేదు. అక్కడ గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే అర్హులైన గ్యాస్ పనివాళ్ళ అధికారిక జాబితాలో, లేనివాడు డబ్బు పుచ్చుకుని గ్యాస్ పని చేయడం చట్టవిరుద్ధం. 2009 ఏప్రిల్‌లో, అంతకుముందున్న కోర్గీ జాబితా స్థానంలో ఈ రిజిస్టర్ వచ్చింది. గుర్తింపు కార్డు వెనక ఏయే పనులకి అర్హతో కూడా రాసి ఉంటుంది. పాపం కిచెన్ ఫిట్టరు అరలన్నీ బిగించి, చివరి జాయింటు కోసం ఇంకొకడి రాక కోసం చూస్తూ కూర్చోవాలి. అంత దూరం ఎందుకు, మన ఊళ్ళోనే భూమికింద దాదాపు 200 మీటర్ల లోతున, రాతిని తొలిచిన గుహలో 60 వేల టన్నుల ఎల్పీజీ నిల్వ చేస్తున్నారు. చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి గ్యాస్ ఒత్తిడికంటే ఎప్పుడూ ఎక్కువుండేలా చూస్తారట. కొండంత రాయి ఉండగా ఇంకా నీళ్ళ కాపలా దేనికో! పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లై చాలునని మన ఫిట్టర్లని అడిగితే చెప్పేవాళ్ళు కదా. 1997 సెప్టెంబరు 14న ఇదే ఊళ్ళో మల్కాపురం రిఫైనరీలో ఎల్పీజీ లీకై పేలి పదుల మంది చనిపోయారు, దాన్ని మాత్రం ఈ వ్యాసం వేళాకోళం చేయదు.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకి కొటేషన్ ఆఖరి పేజీలో జవాబుంది: గ్యాస్, కరెంటు, ప్లంబింగ్ కస్టమర్ స్కోప్, అంటే కొనుక్కున్నవాళ్ళే చూసుకోవాలి. కాబట్టి గ్యాస్ కనెక్షన్ ఫిట్టరు చేసిన పని కాదు, చేసి పెట్టిన సాయం. సాయానికి రసీదు ఉండదు, వారంటీ అసలే ఉండదు. కీలులకీ చానెళ్ళకీ మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఎవరైనా చాదస్తులు ఏజెన్సీకి ఫోన్ చేస్తే మెకానిక్ వస్తాడు. అతుకు గొట్టం తీసేసి కొత్తది వేస్తానంటాడు, బోర్డు అక్కడినుంచి మార్చమంటాడు, స్కర్టింగ్‌కి, షట్టరు అడుగుకి కంతలు పెట్టమంటాడు, వీలైతే బండని యుటిలిటీ బాల్కనీలో పెట్టి రాగి పైపు లాగించుకోమంటాడు. ఇంటివాళ్ళు ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, అన్నీ శ్రద్ధగా విని, గృహప్రవేశం ఫోటోలు అయ్యాక తప్పకుండా కబురు చేస్తామంటారు. కాఫీ ఆ హాబ్ మీద కాచిందే.